మిల్లు పట్టణం నుంచి పసుపు జెర్సీ దాకా: వృత్తి సైకిల్ పందేల చరిత్ర

సచిన్ (సూరత్): సూరత్ నగర శివారులోని సచిన్ పారిశ్రామికవాడ బట్టల పరిశ్రమకు పేరొందింది. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్ మరమగ్గాలను నమ్ముకుని జీవిస్తున్నాయి. ఇటువంటి పట్టణాల్లో సైకిల్ అంటే కార్మికుణ్ని వేళకు పనికి చేర్చే వాహనం. ఐరోపాలో వృత్తి సైకిల్ పందేలు వేళ్లూనుకున్నదీ ఇటువంటి పట్టణాల్లోనే, ఇటువంటి జనం మధ్యనే. ప్రపంచంలో అతి కఠినమైన ఒకరోజు పందేల్లో ఒకటైన ప్యారిస్–రూబేను 1896లో ఆరంభించిన ఇద్దరూ ఉత్తర ఫ్రాన్స్‌లోని రూబే పట్టణపు నూలు మిల్లుల యజమానులు.

ఒకటిన్నర శతాబ్దపు ఈ క్రీడ చరిత్రను గెలుపుల పట్టికగానే చూడటం పరిపాటి. అయితే పందేలు పెట్టినవారు పత్రికల అధిపతులు, వ్యాపారులు, సైకిల్ తయారీదారులు కాగా, తొక్కినవారిలో అత్యధికులు తాపీ పనివారు, చిమ్నీలు ఊడ్చేవారు, రేవు కూలీలు, రైతుబిడ్డలు. ఈ రెండు వర్గాల మధ్య సాగిన బేరమే ఈ క్రీడను మలిచింది. ప్రతిఫలం ఎంత, నియమాలు ఎవరివి, ప్రాణాలకు పూచీ ఎవరిది అన్న మూడు ప్రశ్నలు తొలి పందెం నుంచి నేటి వరకు వెంట వస్తూనే ఉన్నాయి.

తొలి పందేలు

1868 మే 31న ప్యారిస్ సమీపంలోని సాన్ క్లూ ఉద్యానవనంలో జరిగిన పోటీని నమోదైన తొలి సైకిల్ పందేల్లో ఒకటిగా పేర్కొంటారు. అందులో విజేత, ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ మూర్. మరుసటి ఏడాది నవంబరు 7న ప్యారిస్ నుంచి రువాన్ వరకు 123 కిలోమీటర్ల పందెం జరిగింది. ఊరి నుంచి ఊరికి సాగిన తొలి రహదారి పందెం ఇదే. దీని వెనుక ఒక సైకిల్ పత్రిక, సైకిళ్లు తయారుచేసే ఒలివియే సోదరులు ఉన్నారు. బరువైన ఇనుప చట్రం, గట్టి చక్రాలు గల యంత్రంపై మూర్ 10 గంటల 40 నిమిషాల్లో గమ్యం చేరి మళ్లీ గెలిచాడు. ఇంత దూరం మనిషి తన కాళ్ల బలంతో సైకిల్‌పై వెళ్లగలడని జనానికి చూపించడమే నిర్వాహకుల ఉద్దేశం. పందెం అనేది అమ్మకానికి ప్రచారంగానే పుట్టింది.

1885లో ఇంగ్లండ్‌లో రెండు సమాన చక్రాల రోవర్ సైకిల్, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాయి. దీంతో దూరాలు పెరిగాయి. 1891లో బోర్దో–ప్యారిస్ పందేన్ని ఇంగ్లండ్‌కు చెందిన జి.పి. మిల్స్ గెలుచుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ‘పెతి జుర్నాల్’ పత్రిక తరఫున పియర్ జిఫార్ ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ పందెం నిర్వహించాడు. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ దారిని షార్ల్ తెరాఁ నిద్ర లేకుండా 71 గంటల 22 నిమిషాల్లో పూర్తి చేశాడు. పందెం నడిచిన రోజుల్లో పత్రిక ఎక్కువగా అమ్ముడుపోతుందన్న సంగతి అప్పుడే యజమానులకు తెలిసివచ్చింది.

రూబే: మగ్గాల ఊరి పందెం

రూబే ఉన్ని, నూలు మిల్లులతో ఎదిగిన పట్టణం. అక్కడి మిల్లు యజమానులు తియొదోర్ వియెన్, మోరిస్ పెరెజ్ 1895లో సైకిల్ పందేలకు ఒక వెలోడ్రోమ్ కట్టించారు. దానికి పేరు తేవడానికి ప్యారిస్ నుంచి తమ ఊరి వరకు పందెం పెట్టారు. 1896 ఏప్రిల్‌లో జరిగిన తొలి పోటీలో జర్మనీకి చెందిన జోసెఫ్ ఫిషర్ గెలిచాడు. మొదటి బహుమతి 1,000 ఫ్రాంకులు. ఆ కాలపు గని కార్మికునికి అది సుమారు ఏడు నెలల జీతం. ఇంత సొమ్ము కళ్లెదుట కనిపించినప్పుడు కార్మికుల ఇళ్ల నుంచి యువకులు సైకిల్ పట్టడంలో ఆశ్చర్యం లేదు.

1897లోనూ 1898లోనూ ఈ పందెం గెలిచిన మోరిస్ గారిన్ అందుకు ఉదాహరణ. ఇటలీలోని ఆవోస్తా లోయలో 1871లో పుట్టిన గారిన్ కుటుంబం బతుకుతెరువు కోసం ఫ్రాన్స్‌కు వలస వచ్చింది. చిన్నతనంలో అతను చిమ్నీలు ఊడ్చే పని చేశాడు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919లో ఈ దారిని పరిశీలించేందుకు వెళ్లినవారికి ఫిరంగుల ధాటికి ధ్వంసమైన పల్లెలు, కాలిన చెట్లు, గుంతలు కనిపించాయి. ‘ఉత్తరాది నరకం’ అన్న పేరు అప్పుడు వచ్చింది. తారు రోడ్లు విస్తరించిన తర్వాత కూడా నిర్వాహకులు పొలాల మధ్య రాళ్లు పరిచిన పాత బాటలను వెతికి దారిలో చేర్చారు. నేటికీ సుమారు 55 కిలోమీటర్లు అటువంటి రాతిబాటల మీదుగానే సాగుతుంది. విజేతకు ఇచ్చే జ్ఞాపిక కూడా ఒక రాయే.

పత్రికల పోటీలో పుట్టిన టూర్

పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాన్స్‌ను రెండుగా చీల్చిన డ్రేఫస్ వ్యవహారం సైకిల్ పందేలనూ తాకింది. పియర్ జిఫార్ సంపాదకత్వంలోని క్రీడాపత్రిక ‘వెలో’ వైఖరి నచ్చని పారిశ్రామికవేత్తలు 1900లో పోటీగా మరో పత్రిక పెట్టారు. సంపాదకునిగా మాజీ సైక్లిస్టు ఆంరీ దెగ్రాంజ్‌ను నియమించారు. న్యాయస్థానం తీర్పుతో 1903లో ఆ పత్రిక పేరు ‘లాటో’గా మారింది. వెలో ఆకుపచ్చ కాగితంపై వెలువడితే లాటో పసుపు కాగితంపై వెలువడేది. అమ్మకాల్లో మాత్రం వెనుకబడింది.

దేశమంతా చుట్టివచ్చే పందెం పెట్టాలన్న ఆలోచన 1902 నవంబరులో యువ పాత్రికేయుడు జియో లెఫెవ్ర్ నుంచి వచ్చింది. మొదట పేర్లు ఇచ్చినవారు చాలా తక్కువ. దాంతో దెగ్రాంజ్ ప్రవేశ రుసుమును 20 ఫ్రాంకుల నుంచి 10కి తగ్గించాడు. నిర్ణీత వేగం నిలుపుకున్న తొలి 50 మందికి రోజుకు 5 ఫ్రాంకుల భత్యం ప్రకటించాడు. కార్ఖానాలో ఒక రోజు కూలీకి అది దాదాపు సమానం. ఆ ప్రకటనతోనే పోటీదారుల సంఖ్య 60కి చేరింది.

1903 జులై 1న ప్యారిస్ శివారులోని మోంజెరోన్ వద్ద తొలి టూర్ డి ఫ్రాన్స్ బయలుదేరింది. మొత్తం ఆరు అంచెలు, 2,428 కిలోమీటర్లు. ప్యారిస్ నుంచి లియోన్ వరకు సాగిన మొదటి అంచె ఒక్కటే 467 కిలోమీటర్లు. పోటీదారులు రాత్రంతా తొక్కవలసి వచ్చేది. జులై 19న ప్యారిస్ చేరినవారు 21 మంది మాత్రమే. రెండో స్థానంలో నిలిచిన వ్యక్తిపై దాదాపు మూడు గంటల ఆధిక్యంతో గారిన్ విజేతగా నిలిచాడు. లాటో అమ్మకాలు 25 వేల నుంచి 65 వేల ప్రతులకు పెరిగాయి. మరుసటి ఏడాది ‘వెలో’ మూతపడింది.

1904 టూర్ అక్రమాలతో నిండిపోయింది. తమ ఊరి సైక్లిస్టును గెలిపించాలని అభిమానులు దారికాచి ఇతరులపై దాడులు చేశారు. రోడ్లపై మేకులు చల్లారు. కొందరు పోటీదారులు అడ్డదారులు తొక్కారన్న ఆరోపణలు వచ్చాయి. విచారణ అనంతరం గారిన్ సహా మొదటి నాలుగు స్థానాల్లోని వారిని అనర్హులుగా ప్రకటించారు. విజయం 19 ఏళ్ల ఆంరీ కోర్నేకు దక్కింది. అతి పిన్న వయసు విజేతగా అతని పేరు నేటికీ నిలిచి ఉంది.

ఇటలీ, బెల్జియం, స్పెయిన్‌లలో అదే బాట

ఇతర దేశాల్లోనూ పందెం వెనుక పత్రికే ఉంది. ఇటలీలో గులాబీ రంగు కాగితంపై వెలువడే ‘గజెట్టా డెల్లో స్పోర్ట్’ 1909 మే 13న జిరో డి ఇటాలియాను ఆరంభించింది. ఎనిమిది అంచెల ఆ పోటీకి 127 మంది బయలుదేరగా 49 మంది పూర్తి చేశారు. విజేత లుయిజి గన్నా తాపీ పనివాడు. బెల్జియంలో ‘స్పోర్ట్‌వెరెల్డ్’ పత్రికకు చెందిన కారెల్ వాన్ వైనెండాలె 1913లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌ను ఆరంభించాడు. స్పెయిన్‌లో 1935లో ‘ఇన్ఫొర్మసియోనెస్’ పత్రిక వుయెల్టాను పెట్టింది. తొలి విజేత బెల్జియంకు చెందిన గుస్తాఫ్ డెలూర్.

టూర్ డి ఫ్రాన్స్, జిరో, వుయెల్టా మూడింటినీ ‘గ్రాండ్ టూర్లు’ అంటారు. నేడు ఒక్కోటి మూడు వారాల పాటు, 21 అంచెలుగా, 3,000 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. మిలాన్–సాన్ రెమో, ఫ్లాండర్స్, ప్యారిస్–రూబే, లీజ్–బాస్తోన్–లీజ్, లొంబార్డియా అనే అయిదు ఒకరోజు పందేలను ‘స్మారక’ పందేలుగా గౌరవిస్తారు. క్రీడకు అధిపతిగా వ్యవహరించే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) 1900లో ప్యారిస్‌లో ఏర్పడింది.

పత్రికల రంగులే విజేతల దుస్తులకూ వచ్చాయి. టూర్‌లో ముందంజలో ఉన్న వ్యక్తిని జనం గుర్తుపట్టేందుకు 1919లో పసుపు జెర్సీ ప్రవేశపెట్టారు. జిరోలో 1931 నుంచి గులాబీ జెర్సీ ఇస్తున్నారు.

కొలిమి వద్ద పడిన శిక్ష

తొలి దశాబ్దాల్లో దెగ్రాంజ్ నియమాలు కఠినంగా ఉండేవి. పోటీదారు ఎవరి సహాయమూ పొందరాదు. సైకిల్ పాడైతే తానే బాగుచేసుకోవాలి. 1913 టూర్‌లో పిరెనీస్ పర్వతాల్లోని తుర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. సైకిల్‌ను భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సెంత్ మారీ ద కాంపాన్ గ్రామం చేరాడు. అక్కడి కమ్మరి కొలిమిలో తన చేతులతోనే ఫోర్కును అతుకుపెట్టుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. ఒక బాలుడు తిత్తి ఊదినందుకు ‘పరాయి సహాయం’ కింద అదనపు సమయం శిక్షగా విధించారు. కొన్ని గంటలు కోల్పోయిన క్రిస్టోఫ్ గెలుపు ఆశలు అక్కడే ముగిశాయి. 1919లో చరిత్రలో తొలి పసుపు జెర్సీ ధరించింది కూడా అతనే. ఆ ఏడాది కూడా చివరి దశలో ఫోర్కు విరిగి విజయం చేజారింది. టూర్‌ను అతను ఒక్కసారీ గెలవలేదు.

1924లో ఈ నియమాలపై బహిరంగ తిరుగుబాటు వచ్చింది. బయలుదేరినప్పుడు వెంట ఉన్న ప్రతి వస్తువూ చివరిదాకా ఉండాలన్నది ఒక నిబంధన. తెల్లవారుజామున చలికి రెండు జెర్సీలు వేసుకుని ఎండెక్కాక ఒకటి తీసేసే స్వేచ్ఛ కూడా ఉండేది కాదు. 1923 విజేత ఆంరీ పెలిస్సియే ఈ విషయమై అధికారులతో తగువుపడి, తమ్ముడు ఫ్రాన్సిస్, సహచరుడు మోరిస్ వీల్‌తో కలిసి కుతాన్స్ పట్టణంలో పందెం విరమించాడు. అక్కడికి వచ్చిన ప్రసిద్ధ పాత్రికేయుడు ఆల్బేర్ లోంద్ర్‌కు తాము నొప్పులు ఓర్చుకోవడానికి వాడే మందులు, మాత్రలు తీసి చూపించారు. ఆయన రాసిన కథనం ‘పెతి పారిజియాఁ’ పత్రికలో వెలువడి సంచలనం రేపింది. ఆ ఏడాది టూర్ గెలిచిన ఒత్తావియో బొత్తెక్కియా కూడా ఇటలీ నుంచి వచ్చిన తాపీ పనివాడే.

ఒకరి గెలుపు, అందరి శ్రమ

ముందు వెళ్లే సైక్లిస్టు గాలిని చీల్చుకుని పోతాడు. వెనుక అతుక్కుని వెళ్లేవారికి దాదాపు 30 నుంచి 40 శాతం శ్రమ తగ్గుతుంది. ఈ క్రీడలోని వ్యూహమంతా ఈ ఒక్క భౌతిక సూత్రంపై ఆధారపడి ఉంది. ఒంటరిగా ముందుకు దూకినవాణ్ని గుంపుగా తొక్కేవారు చివరకు పట్టేస్తారు. అందుకే జట్టు అవసరమైంది. నాయకునికి గాలి తగలకుండా ముందు తొక్కడం, నీళ్ల సీసాలు మోసుకురావడం, అతని చక్రం పంక్చరైతే తన చక్రం విప్పి ఇవ్వడం సహచరుల పని.

అటువంటి సహచరునికి ఫ్రెంచిలో ‘దొమెస్తిక్’ అనే పేరుంది. ఇంటి నౌకరు అని దాని అర్థం. 1911లో మోరిస్ బ్రొక్కో తన గెలుపు అవకాశం పోయాక డబ్బుకు మరొకరికి సాయపడబోయాడని దెగ్రాంజ్ ఈ మాటతో అవమానించాడు. మరునాడు బ్రొక్కో ఆగ్రహంతో అందరినీ వెనక్కు నెట్టి అంచె గెలిచాడు. దెగ్రాంజ్ అతణ్ని పోటీ నుంచే తొలగించాడు. కాలక్రమంలో ఆ తిట్టే ఒక గౌరవనీయ వృత్తికి పేరైంది. నేడు టూర్‌లో ఒక్కో జట్టుకు ఎనిమిది మంది ఉంటారు. వారిలో చాలామంది తమ వృత్తి జీవితమంతా ఒక్క పెద్ద గెలుపూ లేకుండానే గడుపుతారు. విజేతకు లభించే 5 లక్షల యూరోల బహుమతిని జట్టు సభ్యులతో, సిబ్బందితో పంచుకోవడం ఆనవాయితీ.

కొప్పి, బార్తలి, మెర్క్స్ కాలం

రెండో ప్రపంచ యుద్ధానికి అటూ ఇటూ ఇటలీని ఇద్దరు సైక్లిస్టులు రెండు పక్షాలుగా విడగొట్టారు. జీనో బార్తలి 1938లో, మళ్లీ పదేళ్లకు 1948లో టూర్ గెలిచాడు. నాజీల ఆక్రమణ కాలంలో సాధన పేరుతో తిరుగుతూ, సైకిల్ గొట్టాల్లో దొంగ గుర్తింపు పత్రాలు దాచి చేరవేసి యూదులను కాపాడాడు. అందుకు 2013లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ అతణ్ని మరణానంతరం గౌరవించింది. ఫౌస్తో కొప్పి చిన్నప్పుడు మాంసం దుకాణంలో సైకిల్‌పై సరుకు చేరవేసేవాడు. అయిదు జిరోలు, రెండు టూర్లు గెలిచాడు. ఆఫ్రికా పర్యటనలో సోకిన మలేరియాను వైద్యులు గుర్తించలేకపోవడంతో 1960 జనవరి 2న, 40 ఏళ్ల వయసులో మరణించాడు.

అప్పటివరకు జట్లను పోషించినవి సైకిల్ కంపెనీలే. యుద్ధానంతరం మోటారు వాహనాలు పెరిగి సైకిళ్ల గిరాకీ పడిపోయింది. 1954లో ఫియొరెంజో మాగ్ని తన జట్టుకు నివియా క్రీమ్ కంపెనీని ప్రాయోజకునిగా తెచ్చాడు. అక్కడి నుంచి కాఫీ యంత్రాలు, మాంసం ఉత్పత్తులు, కార్ల కంపెనీల పేర్లు జెర్సీలపైకి వచ్చాయి. రోడ్డు పక్కన నిలబడి చూసే జనం టికెట్టు కొనరు. కాబట్టి జట్టు ఆదాయమంతా ప్రాయోజకునిదే. ఆ కంపెనీ తప్పుకుంటే పదుల మందికి ఉపాధి పోతుంది. నేటికీ ఈ క్రీడలోని అతి పెద్ద బలహీనత ఇదే.

ఫ్రాన్స్‌కు చెందిన జాక్ ఆంకెటిల్ అయిదు టూర్లు గెలిచిన తొలి వ్యక్తి. ఆ తర్వాత వచ్చిన బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ అయిదు టూర్లు, అయిదు జిరోలు, ఒక వుయెల్టా, మూడు ప్రపంచ టైటిళ్లు సాధించాడు. టూర్‌లో అతని 34 అంచె విజయాల రికార్డును 2024 జులైలో బ్రిటన్‌కు చెందిన మార్క్ కావెండిష్ 35వ విజయంతో అధిగమించాడు. బెర్నార్ ఇనో, స్పెయిన్‌కు చెందిన మిగెల్ ఇందురైన్ కూడా అయిదేసి టూర్లు గెలిచారు.

1978 టూర్‌లో ఒకే రోజు రెండు అంచెలు పెట్టడం వల్ల నిద్ర చాలడం లేదని సైక్లిస్టులు నిరసన తెలిపారు. వాలాన్స్ దాజాన్ పట్టణంలో గమ్యరేఖ వద్ద సైకిళ్లు దిగి నడిచారు. ముందు వరుసలో నిలబడిన యువకుడు ఇనో. ఆ ఏడాది విజేతా అతనే.

మందులు, మరణాలు

పెలిస్సియే సోదరులు చూపించిన మాత్రలు ఆ తరంతో పోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్‌కు చెందిన నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ పోటీలో కుప్పకూలి మరణించాడు. 1966లో టూర్‌లో తొలిసారి డోపింగ్ పరీక్షలు జరిపినప్పుడు సైక్లిస్టులు వాటిని అవమానంగా భావించి నిరసన తెలిపారు. మరుసటి ఏడాది జులై 13న మోన్ వాంతూ పర్వతంపై మండుటెండలో బ్రిటన్‌కు చెందిన టామ్ సింప్సన్ సైకిల్ పైనుంచి పడి ప్రాణాలు విడిచాడు. అతని శరీరంలో ఉత్ప్రేరకాల ఆనవాళ్లు లభించాయి.

1998లో ఫెస్టినా జట్టు వాహనంలో నిషిద్ధ మందులు పట్టుబడటంతో పోలీసులు రంగంలోకి దిగారు. మరుసటి ఏడాది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) ఏర్పడింది. 1999 నుంచి 2005 వరకు వరుసగా ఏడు టూర్లు గెలిచిన అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లన్నిటినీ 2012 అక్టోబరులో రద్దు చేశారు. ఆ ఏడు స్థానాలనూ ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచారు.

ప్రమాదాలది మరో కథ. 1995లో పిరెనీస్ దిగుతూ పడి ఇటలీకి చెందిన ఒలింపిక్ విజేత ఫాబియో కసార్తెల్లి మరణించాడు. హెల్మెట్‌ను తప్పనిసరి చేయడానికి మాత్రం మరో ఎనిమిదేళ్లు పట్టింది. 2003 మార్చిలో కజకిస్తాన్‌కు చెందిన ఆంద్రే కివిలెవ్ మృతి తర్వాతే ఆ నియమం అమలైంది. 2023లో టూర్ ద సూయిస్‌లో గినో మేడర్, 2024 సెప్టెంబరులో జ్యూరిక్ ప్రపంచ పోటీల్లో 18 ఏళ్ల మ్యూరియెల్ ఫురర్ మరణించారు. ఫురర్ రోడ్డు పక్క అడవిలో పడిపోయిన సంగతి చాలాసేపు ఎవరికీ తెలియలేదు. సైక్లిస్టుల ప్రయోజనాల కోసం 1999లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. విపరీత వాతావరణంలో పందేన్ని కుదించే లేదా రద్దుచేసే విధివిధానాలు 2016లో వచ్చాయి. కొలిమి వద్ద క్రిస్టోఫ్‌కు శిక్ష పడిన నాటికీ దీనికీ మధ్య వందేళ్ల దూరం ఉంది.

మహిళల సుదీర్ఘ నిరీక్షణ

1924 జిరోలో అల్ఫొన్సినా స్ట్రాడా పురుషులతో కలిసి బయలుదేరింది. ఒక అంచెలో ఆమె సైకిల్ హ్యాండిల్ విరిగిపోతే చీపురు కర్రతో సరిచేసుకుని గడువు దాటాక గమ్యం చేరింది. వర్గీకరణలో పేరు లేకపోయినా కొనసాగేందుకు నిర్వాహకులు అనుమతించారు. ఆమె మిలాన్ వరకు తొక్కింది. 90 మంది బయలుదేరిన ఆ పోటీని 30 మంది పురుషులు పూర్తి చేశారు.

మహిళలకు ప్రపంచ పోటీలు 1958లో గానీ మొదలు కాలేదు. 1984లో తొలి మహిళల టూర్‌ను అమెరికాకు చెందిన మారియాన్ మార్టిన్ గెలిచింది. కొన్నేళ్లకే ఆ పోటీ ఆగిపోయింది. నేటి రూపంలో మహిళల టూర్ 2022లో ఆరంభం కాగా, నెదర్లాండ్స్‌కు చెందిన అనెమీక్ వాన్ వ్లూటెన్ విజేతగా నిలిచింది. 2021లో తొలిసారి జరిగిన మహిళల ప్యారిస్–రూబేను గెలిచిన బ్రిటన్ సైక్లిస్టు లిజీ డైగ్నన్‌కు దక్కిన బహుమతి 1,535 యూరోలు. పురుష విజేతకు 30,000 యూరోలు. అత్యున్నత శ్రేణి మహిళల జట్లలో కనీస వేతనం అన్నది 2020లోనే మొదలైంది. అప్పుడది ఏడాదికి 15,000 యూరోలు.

ఐరోపా దాటిన రహదారి

కొలంబియాలో 1951లో ఆరంభమైన దేశవ్యాప్త పందెం కొండప్రాంతపు రైతుబిడ్డలను వెలుగులోకి తెచ్చింది. తోటమాలిగా పనిచేసిన లూయిస్ ఎరేరా 1987లో వుయెల్టా గెలిచాడు. 2019లో ఈగన్ బెర్నల్ టూర్ గెలిచిన తొలి లాటిన్ అమెరికన్‌గా నిలిచాడు. ఒకప్పటి ఇటలీ వలస ఎరిట్రియాలో సైక్లింగ్ జనజీవనంలో భాగమైంది. అక్కడి బినియం గిర్మే 2024 టూర్‌లో మూడు అంచెలు, ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు. 2025 సెప్టెంబరులో ప్రపంచ రహదారి పోటీలు తొలిసారి ఆఫ్రికాలో, రువాండా రాజధాని కిగాలీలో జరిగాయి. స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచార్ విజేత. 2020, 2021, 2024, 2025 టూర్లు కూడా అతనివే. మధ్యలో 2022, 2023 టూర్లు గెలిచిన డెన్మార్క్ సైక్లిస్టు యోనాస్ వింగెగార్డ్ అంతకుముందు చేపల కర్మాగారంలో పనిచేశాడు.

భారత్ ఎక్కడ?

భారత్ ప్రపంచంలో అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే దేశాల్లో ఒకటి. అయినా ఏ భారతీయుడూ టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొనలేదు. భారత సైక్లింగ్ సమాఖ్య 1946లో ఏర్పడింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత సైక్లిస్టులు పోటీపడ్డారు. 1964 టోక్యో తర్వాత ఒలింపిక్ సైక్లింగ్‌లో దేశానికి ప్రాతినిధ్యం లేదు. ఐరోపాలో పత్రికలు, కంపెనీలు నిర్మించిన వృత్తి జట్ల వ్యవస్థ ఇక్కడ ఏర్పడలేదు. సైనిక దళాలు, రైల్వేల ఉద్యోగాలే సైక్లిస్టులకు ప్రధాన ఆధారమయ్యాయి.

దీర్ఘదూర సైక్లింగ్‌లో మాత్రం భారతీయుల పేర్లు వినిపిస్తున్నాయి. అమెరికాను తూర్పు పడమరలుగా దాటే సుమారు 4,800 కిలోమీటర్ల ‘రేస్ అక్రాస్ అమెరికా’ను 2015లో నాసిక్ వైద్య సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ జట్టుగా పూర్తి చేశారు. 2017లో సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగపూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ ఒంటరిగా 12 రోజుల గడువులోపు ముగించారు. 1891 నాటి ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ నేడు నాలుగేళ్లకోసారి పందెంగా కాక ఓర్పుకు పరీక్షగా జరుగుతోంది. అందుకు అర్హతగా 200 నుంచి 600 కిలోమీటర్ల వరకు నిర్వహించే యాత్రలు హైదరాబాద్ సహా పలు భారతీయ నగరాల్లో సాగుతున్నాయి.

తెలుగు ప్రాంతంలో వసతులు కొంత మెరుగుపడ్డాయి. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ నిర్మించారు. 2023 అక్టోబరులో హైదరాబాద్ బాహ్యవలయ రహదారి పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం అందుబాటులోకి వచ్చింది.

2026 జనవరి 19 నుంచి 23 వరకు మహారాష్ట్రలో జరిగిన పుణె గ్రాండ్ టూర్ యూసీఐ 2.2 శ్రేణి గుర్తింపు పొందిన బహుళ అంచెల పందెం. ఇటువంటి పోటీలో దక్కే ర్యాంకింగ్ పాయింట్లు ఒలింపిక్ అర్హతకు లెక్కకు వస్తాయి. వాటికోసం భారత సైక్లిస్టులు ఇకపై విదేశాలకే వెళ్లవలసిన పని తగ్గుతుంది. పాయింట్లతో పాటు క్రమం తప్పని జీతం, ఏడాది పొడవునా పోటీలు, రోడ్డుపై భద్రత ఉన్నప్పుడే వృత్తి నిలుస్తుంది. రోజుకు 5 ఫ్రాంకుల హామీ లేకుంటే 1903లో తొలి టూర్‌కు పోటీదారులే దొరికేవారు కాదు. మరమగ్గాల పట్టణాల్లో రోజూ సైకిల్‌పై పనికి వెళ్లే ఇళ్ల పిల్లలు ఈ క్రీడలోకి రావాలన్నా తొలి షరతు అదే.